దస్తర్‌ఖాన్ ముందు కేలరీల లెక్క

మా బంధువర్గంలో ఒక సోదరి ఉన్నారు. నివాసం కర్నూలు. వయస్సు 38 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ముగ్గురు పిల్లల తల్లి. కిందటి ఏడాది రక్తపరీక్ష చేయించుకున్నప్పుడు చక్కెర మధుమేహపు హద్దుకు చేరువగా ఉందని తేలింది. ఇప్పుడే మందులు అవసరం లేదనీ, అయితే బరువు తగ్గించుకోక తప్పదనీ వైద్యురాలు చెప్పారు. మరి రోజుకు ఎంత తినాలన్న ప్రశ్న ఆ రద్దీలో ఆమెకు తట్టలేదు.

ఇంటికి వచ్చాక ఆ ప్రశ్నకు మూడు జవాబులు దొరికాయి. ఫోన్‌లోని యాప్ 1200 కేలరీలు అన్నది. మరిది 1800 చాలునన్నారు. పక్కింటావిడ మాత్రం, "నేను 800తో పది కిలోలు తగ్గాను ఆపా, మీరూ అదే చేయండి" అని ధైర్యం చెప్పారు. తక్కువ తింటే త్వరగా తగ్గుతాం కదా అనుకుని మా సోదరి అన్నిటికన్నా చిన్న అంకెను ఎంచుకున్నారు. ఉదయం టిఫిన్ మానేశారు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి గ్లాసుడు మజ్జిగ. 11 రోజుల్లో మూడు కిలోలు తగ్గారు. 12వ రోజు మధ్యాహ్నం పొయ్యి మీద నూనె కాగుతుండగా కళ్లు తిరిగాయి. పదో తరగతి చదివే పెద్దమ్మాయి పట్టుకోబట్టి సరిపోయింది. మరుసటి వారం తమ్ముడి వలీమా వచ్చింది. ఆపుకున్న ఆకలి ఆ రోజు కట్ట తెంచుకున్నది. నెలన్నర గడిచేసరికి తూకం 75 కిలోలు చూపింది.

"నాకు మనోబలం లేదు" అని ఆమె తననే నిందించుకున్నారు. కాని లోపం ఆమె మనోబలంలో లేదు, ఆమె ఎంచుకున్న అంకెలో ఉంది. ఇదే పొరపాటు మన ఇళ్లలో ఎందరో చేస్తున్నారు. అందువల్ల ఆ అంకెను ఎలా నిర్ణయించుకోవాలో మన వంటలతో, మన కొలతలతో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము.

కేలరీ అంటే ఏమిటి?

కేలరీ అంటే తిండిలో ఉన్న శక్తిని కొలిచే కొలమానం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కించే శక్తిని ఆహారశాస్త్రంలో ఒక కేలరీ అంటాము. పిండిపదార్థం ఒక గ్రాముకు 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి. అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ 19వ శతాబ్దం చివర చేసిన పరిశోధనల నుండి వచ్చిన ఈ అంకెలనే నేటికీ వాడుతున్నారు. నూనె, నెయ్యి కొద్దిగా వేసినా లెక్క ఎందుకు పెరుగుతుందో ఈ 9 అన్న అంకె చెబుతుంది.

మన దేశపు ఆహారాల లెక్కలకు ఆధారం హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. ఆ సంస్థ 2020లో ఇచ్చిన అంచనాల ప్రకారం ఎక్కువగా కూర్చుని పని చేసే 65 కిలోల పురుషుడికి రోజుకు 2110 కేలరీలు, 55 కిలోల స్త్రీకి 1660 కేలరీలు కావాలి. శారీరక శ్రమ ఒక మాదిరిగా ఉంటే ఇవి 2710కి, 2130కి పెరుగుతాయి. పని మారితే అవసరం ఎంతగా మారుతుందో గమనించండి. అందరికీ సరిపోయే ఒకే అంకె ఉండదన్నది ఇక్కడే తెలుస్తున్నది.

మీ శరీరం ఎంత ఖర్చు చేస్తున్నది?

బరువు తగ్గాలంటే ముందు తెలియవలసింది ఎంత తినాలన్నది కాదు, ఎంత ఖర్చవుతున్నదన్నది. ఇంటి జమాఖర్చు రాసుకునే వారికి ఇది కొత్త విషయం కాదు. మనం కదలకుండా పడుకుని ఉన్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పని చేస్తూనే ఉంటాయి. ఈ కనీస ఖర్చును అంచనా వేయడానికి 1990 నుండి వాడుకలో ఉన్న మిఫ్లిన్ – సెయింట్ జియోర్ సూత్రం సులువైనది.

బరువును కిలోలలో తీసుకుని 10తో గుణించండి. ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 6.25తో గుణించి దానికి కలపండి. వయస్సును 5తో గుణించి అందులో నుండి తీసివేయండి. చివరగా స్త్రీలైతే 161 తీసివేయాలి, పురుషులైతే 5 కలపాలి.

మా సోదరి లెక్క చూద్దాం. బరువుకు 740, ఎత్తుకు 987, మొత్తం 1727. వయస్సుకు 190, ఆపై 161 తీసివేస్తే 1376. అంటే రోజంతా మంచం మీదే ఉన్నా ఆమె శరీరానికి దాదాపు 1375 కేలరీలు కావాలి. ఇక 800 కేలరీలతో వంట చేసి, బట్టలు ఉతికి, పిల్లలను బడికి పంపితే కళ్లు తిరగడంలో ఆశ్చర్యమేముంది?

ఈ కనీస ఖర్చును రోజువారీ శ్రమను బట్టి పెంచుకోవాలి. రోజంతా కూర్చునే పని అయితే 1.2తో, ఇంటిపనో కొంత నడకో ఉంటే 1.375తో, ఒక మాదిరి శ్రమ లేదా వారంలో చాలా రోజులు వ్యాయామం ఉంటే 1.55తో గుణించాలి. ఇక్కడ చాలామంది తమ శ్రమను ఎక్కువగా ఊహించుకుంటారు. సందేహం ఉన్నప్పుడు కింది అంకెనే తీసుకోవడం మేలు. పనిమనిషి లేని ఇల్లు కనుక మా సోదరికి 1.375 తీసుకున్నాము. దాదాపు 1900 వచ్చింది. ఇప్పుడున్న బరువు పెరగక, తరగక నిలిచి ఉండడానికి ఆమెకు కావలసిన శక్తి ఇది.

ఎంత తగ్గించాలి?

శరీరంలోని ఒక కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు నిల్వ ఉంటాయని అంచనా. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే వారానికి 3500, అంటే దాదాపు అరకిలో. 300 నుండి 500 వరకు తగ్గించడం చాలామందికి మోయగలిగిన భారం. మా సోదరి 400 తగ్గించుకుంటే 1500 మిగిలింది. కాగితం మీద వారానికి 350 గ్రాములకు పైగా తగ్గాలి.

మరి 800 తిన్నప్పుడు 11 రోజుల్లో మూడు కిలోలు ఎలా తగ్గాయి? రోజుకు 1100 లోటు అనుకున్నా ఆ 11 రోజుల్లో తగ్గగల కొవ్వు ఒకటిన్నర కిలోలకు కాస్త ఎక్కువ, అంతే. మిగిలిన దానిలో చాలా భాగం నీరు. కాలేయంలో, కండరాలలో నిల్వ ఉండే చక్కెర తనతోపాటు దాదాపు మూడింతల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి బాగా తగ్గించగానే ఆ నిల్వ ఖర్చయి నీరు బయటకు పోతుంది. తిరిగి తినగానే నీరూ తిరిగి వస్తుంది. మొదటి వారంలో తూకం చూపే సంతోషాన్ని నమ్మి మోసపోరాదు.

ఇంకొక సంగతి. 1944, 45 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఆకలి ప్రభావాన్ని పరిశీలించారు. వారందరూ స్వచ్ఛందంగా వచ్చినవారు. ఆరు నెలలపాటు రోజుకు దాదాపు 1570 కేలరీలు మాత్రమే ఇచ్చి, బాగా నడిపించారు. వారి శరీర బరువులో నాలుగో వంతు తగ్గింది. దానితోపాటు నీరసం, చిరాకు, దిగులు పట్టుకున్నాయి. పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించసాగారు. ఆంక్షలు తీరాక కొందరు ఎంత తిన్నా తృప్తి చెందలేకపోయారు. 3000కు పైగా తినే ఆ యువకులను 1570 కృశింపజేసింది. దాదాపు అదే అంకె మా సోదరికి మితాహారం. కాబట్టి ఎవరో తగ్గిన అంకె మనకు ఆదర్శం కాదు. తీవ్రమైన ఆకలి తరువాత వచ్చే తిండి ధ్యాస బలహీనుల లక్షణమూ కాదు, శరీరం తనను తాను కాపాడుకునే తీరు అది.

వైద్యుల పర్యవేక్షణ లేకుండా స్త్రీలు 1200కు, పురుషులు 1500కు దిగువకు పోరాదన్నది సాధారణంగా పాటించే హద్దు. యాప్ చెప్పిన 1200 ఆ హద్దు అంచు మాత్రమే, లక్ష్యం కాదు.

తిండి తగ్గించడమా, నడక పెంచడమా?

ఆ సోదరి భర్త లెక్క కూడా వేసి చూశాము. వయస్సు 45, ఎత్తు 170, బరువు 84. బట్టల దుకాణంలో ఉదయం నుండి రాత్రి వరకు గల్లా ముందు కూర్చుంటారు. కనీస ఖర్చు 1680, దానిని 1.2తో గుణిస్తే 2020. అందులో 500 తగ్గిస్తే 1520 మాత్రమే మిగులుతుంది. ఆయనకు అది కష్టం. అదే రోజూ ఒక గంట వేగంగా నడిస్తే ఖర్చు 2300 దాకా పెరిగి, 1800 తిన్నా బరువు తగ్గే వీలుంటుంది. కూర్చునే వృత్తులవారికి నడక తెచ్చే పెద్ద లాభం ఇది.

అయితే నడిచాము కదా అని ఆ మిగులును మరోచోట ఖర్చు చేయరాదు. ఆయన బరువున్న మనిషి అరగంట నడిస్తే దాదాపు 130 కేలరీలు ఖర్చవుతాయి. తిరుగుదారిలో హోటల్లో ఒక పెద్ద సమోసా తింటే ఆ నడక మొత్తం అందులోనే పోయింది.

ఒకే దస్తర్‌ఖాన్ మీద ఎవరి లెక్క వారిది ఎలా?

పుస్తకాలలో ఒక్క మనిషికి ఒక్క పళ్లెం లెక్క ఉంటుంది. మన ఇళ్లలో అలా కాదు. ఒకే గిన్నెలో సలన్, ఒకే డేగిశాలో అన్నం, చుట్టూ కూర్చున్న ఏడెనిమిది మంది. ఎవరు ఎంత తిన్నారో ఎవరికీ తెలియదు. ఇక ఇంటి ఇల్లాలి తిండి అయితే ఎవరి లెక్కలోకీ రాదు. వండేటప్పుడు రుచి చూసినది, చిన్నవాడు వదిలేసిన సగం పరాఠా, పారేయడానికి మనసొప్పక తిన్న అడుగు అన్నం, ఇవేవీ ఆమె "భోజనం"లో లేవు. "నేను తినేది పిడికెడు, అయినా లావెక్కుతున్నాను" అనే సోదరీమణులు అబద్ధమాడడం లేదు. కూర్చుని తిన్నదే వారికి గుర్తుంటుంది.

కాబట్టి ప్రతి ముద్దనూ తూచనక్కరలేదు. మూడు చోట్ల కొలిస్తే చాలు.

మొదటిది నూనె. నెల మొదట్లో తెచ్చిన నూనె ఎంతో ఇంటి అందరికీ తెలుసు. అయిదుగురున్న ఇంట్లో నెలకు అయిదు లీటర్లు ఖర్చయితే మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు. అదే మూడున్నర లీటర్లకు తగ్గిస్తే మనిషికి రోజుకు 80 కేలరీలు తగ్గుతాయి. ఎవరి పళ్లెమూ ఖాళీ కాదు, ఎవరికీ ఆకలి వేయదు. డబ్బాతో వంచే అలవాటు మాని చెంచాతో పోయడం ఇందుకు మొదటి మెట్టు. ఒక చిన్న చెంచా నూనెకు 45 కేలరీలని గుర్తుంటే చేయి దానంతట అదే ఆగుతుంది.

రెండవది చక్కెర. చిన్న చెంచాకు 20 కేలరీలు. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాలు అయితే 160. చెంచా తగ్గిస్తే 80 మిగులుతాయి. చాయ్‌తోపాటు వచ్చే ఉస్మానియా బిస్కెట్లను కూడా లెక్కలో వేసుకోవాలి.

మూడవది అన్నం. బియ్యం 100 గ్రాములకు దాదాపు 350 కేలరీలు, వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130. ఒక గిన్నెను ఎంచుకుని, ఒక్కసారి అందులో అన్నం నింపి తూచి చూసుకోండి. ఆ తరువాత త్రాసు అక్కరలేదు, ఆ గిన్నెయే కొలత.

తగ్గించకూడనిది కూడా ఒకటుంది. అది మాంసకృత్తులు. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, కోడిమాంసం ప్రతి పూటా ఏదో ఒకటి ఉంటే ఆ నష్టం తగ్గుతుంది, ఆకలీ ఆగుతుంది. ఇంట్లో మాంసం వండిన రోజున ముక్కలన్నీ మగవారికి, పిల్లలకు వేసి, అడుగున మిగిలిన నూనె సలన్‌తో అన్నం కలుపుకునే తల్లులు తమకు అవసరమైనది వదులుకుని, అక్కరలేనిది తింటున్నారు.

1500 కేలరీల రోజు ఇలా ఉంటుంది

ఉదయం ఒక చెంచా చక్కెరతో పాల చాయ్, 60. టిఫిన్‌గా మూడు ఇడ్లీలు, కప్పు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు, 325. మధ్యాహ్నం 200 గ్రాముల అన్నం, కప్పు ఖట్టీ దాల్, కొద్ది నూనెతో వండిన కూరగాయల కూర, చిన్న కప్పు పెరుగు, 530. సాయంత్రం ఒక చాయ్, ఒక జామకాయ లేదా చిన్న అరటిపండు, 140. రాత్రి రెండు పుల్కాలు, చర్మం తీసిన కోడిమాంసపు కూర, ఉల్లి, కీరా ముక్కలు, 450. అన్నీ కలిపితే 1500కు కాస్త అటూఇటూ.

ఇందులో ఇంటిల్లిపాదీ తినని వస్తువు ఏదీ లేదు. వేరే వంట లేదు, ఖరీదైన పొడులు లేవు. ఆమెకు వేరుగా ఉండవలసింది కొలత మాత్రమే.

దావత్‌లు, రమజాన్

నెలకు రెండు మూడు దావత్‌లు తప్పవు. బిర్యానీ, నువ్వులు, పల్లీలు, నూనెతో చిక్కబడిన మిర్చీ కా సలన్, నేతిలో వేయించి పాకంలో నానబెట్టిన డబుల్ కా మీఠా, ఇవన్నీ ఒక్క పూటలోనే రోజంతటి లెక్కను మింగగలవు. ఆ ఒక్క పూట ప్రమాదం కాదు. "ఎలాగూ చెడింది" అని వారమంతా వదిలేయడమే ప్రమాదం. ఒకసారి వడ్డించుకుని, మీఠాలో సగం తీసుకుని, మర్నాడు మామూలు తిండికి రావాలి. ఆతిథ్యమిచ్చేవారికి కూడా ఒక మనవి. అతిథి చాలునన్నాక మరో గరిటె వేయడాన్ని మర్యాదగా భావించవద్దు. ఆ మనిషి ఏ వైద్యుడి మాట విని వచ్చారో మనకు తెలియదు.

రమజాన్‌లో బరువు దానంతట అదే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అయితే పకోడీలు, సమోసాలు, తియ్యటి షర్బత్, ఆపైన హలీమ్‌తో ఇఫ్తార్ సాగితే నెలాఖరుకు బరువు పెరగవచ్చు కూడా. మూడు చిన్న ఖర్జూరాలు 60, 70 కేలరీలే. గ్లాసు షర్బత్‌లో నాలుగు చెంచాల చక్కెర ఉంటే అవి మరో 80. లెక్క చెడేది నూనెలో వేయించిన వాటితోనే. ఖర్జూరం, పండ్లు, నీరు, ఆపైన మామూలు భోజనం, సహరీని మానకపోవడం, ఇంత చాలు. ఆ నెలలో తీవ్రమైన కోతలు పెట్టుకోక, బరువు పెరగకుండా చూసుకుంటే అదే విజయం.

తూకం చెప్పే మాట

సూత్రం చెప్పిన అంకె అంచనా మాత్రమే. పది శాతం తేడా ఉండడం మామూలే. అంటే 1900 అన్నది 1700 కావచ్చు, 2100 కావచ్చు. అసలైన జవాబు మీ శరీరమే చెప్పాలి. వారానికి రెండు మూడుసార్లు ఉదయం ఖాళీ కడుపుతో తూచుకుని సగటు తీసుకోండి. ఉప్పు, మలబద్ధకం, స్త్రీలకు నెలసరి రోజులు కిలో దాకా తేడా తెస్తాయి కనుక ఒక్క రోజు తూకం చూసి సంతోషించవద్దు, దుఃఖించవద్దు. నాలుగు వారాల తరువాత తగ్గుదల కనిపించకపోతే 100 కేలరీలు తగ్గించండి లేదా నడక పెంచండి. వారానికి కిలోకు మించి తగ్గుతూ నీరసంగా ఉంటే 200 పెంచండి.

కొన్ని నెలల తరువాత తగ్గుదల మందగిస్తుంది. బరువు తగ్గిన శరీరానికి ఖర్చూ తగ్గుతుంది. అయిదారు కిలోలు తగ్గాక లెక్క మళ్లీ వేసుకోవాలి. ఇక లక్ష్యం విషయానికి వస్తే, ఉన్న బరువులో అయిదు శాతం తగ్గినా చక్కెర, రక్తపోటు మెరుగవుతాయి. 74 కిలోల మనిషికి అది నాలుగు కిలోల లోపే. నడుము కొలత కూడా చూసుకోండి. మన దేశస్థులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఈ లెక్క ఎవరికి కాదు?

గర్భిణులు, బాలింతలు తిండి తగ్గించరాదు. పోషకాహార సంస్థ అంచనా ప్రకారం గర్భిణికి రోజుకు 350, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 కేలరీలు అదనంగా కావాలి. ఎదిగే పిల్లలకు, నికాహ్ దగ్గర పడిందని అన్నం మానే ఆడపిల్లలకు ఈ లెక్కలు అప్పగించవద్దు. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను దించే మాత్రలు గాని వాడేవారు మందు మార్చకుండా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, వృద్ధులు కూడా ముందుగా వైద్యులను అడగాలి. వైద్యుల ముందు కూర్చున్నప్పుడు "రోజుకు ఎంత తినాలి, ఏ హద్దు కిందికి పోకూడదు?" అని స్పష్టంగా అడగండి. అడగడం మన హక్కు.

మా సోదరి 1500 అంకెతో నాలుగు నెలలు గడిపారు. తగ్గింది నాలుగున్నర కిలోలు. కాగితం మీది లెక్క కన్నా తక్కువే. దావత్‌లు వచ్చాయి, చిన్నవాడికి జ్వరం వచ్చిన వారం లెక్క తప్పింది. అయినా ఈసారి చక్కెర పరీక్షలో అంకె తగ్గింది. అంతకన్నా మమ్మల్ని సంతోషపెట్టిన మార్పు మరొకటి ఉంది. ఒక రాత్రి వారింట మేము భోజనానికి కూర్చున్నప్పుడు పెద్దమ్మాయి ముందుగా తల్లి గిన్నెలో అన్నం నింపి, పక్కన రెండు ముక్కలు వేసి, "అమ్మీ, ముందు మీరు కూర్చోండి" అన్నది. అందరూ తిన్నాక మిగిలినది తినే అలవాటు ఆ ఇంట ఆ విధంగా ముగిసింది.